అందరూ ఒకేసారి అన్న ఇంగ్లీషు మాట

ఇంగ్లీషు లెక్చరర్లుగా కొత్తగా చేరబోతున్నవాళ్ల కోసం ఇది రాస్తున్నాను. నేను తాడేపల్లిగూడెంలో ఒక మహిళా డిగ్రీ కళాశాలలో చాలా ఏళ్లు పనిచేసి, ఈమధ్యే రిటైరయ్యాను. మా ఇల్లు ఏలూరు పక్కన వట్లూరులో. రోజూ ఏలూరు స్టేషనుకు వచ్చి పాసింజరు ఎక్కేదాన్ని. దెందులూరు, భీమడోలు దాటి గూడెంలో దిగేదాన్ని. పిల్లల గురించి నేను తెలుసుకున్నది క్లాసులో కన్నా ఆ రైల్లోనే ఎక్కువేమో అని ఇప్పుడనిపిస్తుంది.

ఏ ఏడు ఏ పాఠం చెప్పానో, ఏ కమిటీలో ఉన్నానో రాస్తే మీకు ఆవులింతలొస్తాయి. అందుకని ఒక్క ఇంగ్లీషు మాట గురించి, దాని చుట్టూ జరిగిన సంగతుల గురించి మాత్రం చెబుతాను. 'గెట్ ద బాల్ రోలింగ్' అన్నదే ఆ మాట, పైపైన చూస్తే బంతి దొర్లేలా చేయడం అని.

నోరు తెరిపించే ఉద్యోగం

ఇంగ్లీషు చెప్పడమంటే గ్రామరు చెప్పడం అనుకుని చేరతాం. గ్రామరు పుస్తకంలో ఉంది, ఫోన్లో కూడా ఉంది. మన దగ్గరకొచ్చే పిల్లలకు వేల ఇంగ్లీషు మాటలు తెలుసు. వాళ్లకు లేనిదల్లా మొదటి వాక్యం పైకి అనే ధైర్యం. "ఎవరైనా చెప్పండమ్మా" అంటే బల్లల వరుసలన్నీ తలలు దించుకుంటాయి. అది తెలియకపోవడం కాదు. తప్పొస్తే పక్కపిల్ల నవ్వుతుందన్న భయం. ఈ భయంతోనే మన ఉద్యోగం మొదలవుతుంది, చాలాసార్లు దీనితోనే పూర్తవుతుంది కూడా.

ప్రిన్సిపాల్ గారి బాల్

ఆ మాటను మా కాలేజీలో అందరికంటే ఎక్కువగా వాడినవారు మా ప్రిన్సిపాల్ రామలింగేశ్వరరావు గారు. పొడుగ్గా, తెల్లచొక్కా మడత నలగకుండా ఉండేవారు. ఏ మీటింగైనా "లెట్స్ గెట్ ద బాల్ రోలింగ్" అంటూ మొదలుపెట్టేవారు. అక్కణ్నించి ఆయనే మాట్లాడేవారు. టీ వచ్చేది, బిస్కెట్లు అయిపోయేవి, ఆయన మాట్లాడుతూనే ఉండేవారు. చివర్న "మీ అభిప్రాయాలేమన్నా ఉంటే చెప్పండి" అనేసరికి మా చూపులన్నీ గడియారం మీద ఉండేవి.

ఒకసారి ఫిజికల్ డైరెక్టరు మేడమ్ నా చెవిలో, "బాల్ ఆయన చేతిలోంచి కదిలితే కదండీ మనదాకా దొర్లేది" అంది. నవ్వాపుకోలేక నేను దగ్గు నటించాను. పాపం ఆయన స్వయంగా గ్లాసుతో మంచినీళ్లు తెచ్చి ఇచ్చారు.

మంచి మనిషి. కానీ మీటింగు నడపడం రాదు. ఈ రెండూ ఒకే మనిషిలో ఉండొచ్చని మీరు ఉద్యోగంలో చేరిన కొత్తల్లోనే గ్రహిస్తే చాలా చికాకు తప్పుతుంది.

టై కట్టుకొచ్చిన ట్రైనరు

నా సర్వీసు చివరిదశలో, హైదరాబాదు నుంచి ఒక కంపెనీ మా ప్రాంతపు కాలేజీలన్నిటికీ కలిపి ఉద్యోగాల ఎంపిక పెడుతోందని కబురొచ్చింది. ఫోన్లో, కంప్యూటర్లో కస్టమర్లతో మాట్లాడే ఉద్యోగాలు. మొదట గ్రూప్ డిస్కషన్ ఉంటుంది. ఎనిమిది మందిని గుండ్రంగా కూర్చోబెట్టి ఒక విషయం ఇస్తారు. వాళ్లు మాట్లాడుకుంటుంటే చూసి మార్కులు వేస్తారు.

దానికి తయారుచేయడానికి కిరణ్ అనే ట్రైనరును పిలిపించారు. కుర్రాడు హుషారైనవాడు. ఏప్రిల్ నెల ఎండలో టై కట్టుకుని వచ్చాడు. "మొదట ఎవరు మాట్లాడితే వాళ్ల మీదే అందరి కళ్లూ పడతాయి. కాబట్టి టాపిక్ ఇవ్వగానే 'లెట్ మి గెట్ ద బాల్ రోలింగ్' అనేయండి" అని పిల్లలచేత కోరస్‌గా అనిపించాడు. హాలు దద్దరిల్లింది. నాకూ సంబరంగానే అనిపించింది.

మర్నాడు నేను లైబ్రరీలో ఒక ఉత్తుత్తి డిస్కషన్ పెట్టాను. కాలేజీలోకి సెల్‌ఫోన్లు తేవచ్చా అన్నది విషయం. పద్మ అనే అమ్మాయి గుండె చిక్కబట్టుకుని లేచింది. వాళ్ల నాన్నకు గూడెం బస్టాండు దగ్గర టిఫిన్ సెంటరుంది. ఆ పిల్ల అందాకా క్లాసులో నోరు విప్పగా నేను చూడలేదు.

"లెట్ మి గెట్ ద బాల్ రోలింగ్" అని గడగడా అనేసి కూర్చుంది.

"బావుందమ్మా. తర్వాత?" అన్నాను.

"అంతేనండి మేడమ్. సారు అంతవరకే చెప్పారండి."

అందరూ నవ్వారు. పద్మ ముఖం ఎర్రబడింది. ఇక ఆ పూట మరో మాట అనలేదు. కిరణ్ తప్పేమీ చెప్పలేదు, కానీ వాక్యమిచ్చి దాని పనేమిటో చెప్పకుండా వెళ్లిపోయాడు. మనం కూడా రోజూ చేసే పని ఇదే.

భీమడోలులో ఎక్కే పిల్ల

ఇప్పుడు నాగమణి గురించి చెప్పాలి. కొల్లేటి లంక గ్రామం ఆమెది. పొద్దున్నే ఆటోలో భీమడోలు వచ్చి, నేనున్న పాసింజరే ఎక్కేది. వాళ్ల అమ్మ, అక్క ఇద్దరూ రొయ్యల షెడ్డులో తలలు తుంచే పనికి వెళ్తారు. నాన్న చెరువుల మీద కాపలా. డిగ్రీ అయ్యాక ఉద్యోగం రాకపోతే తనూ షెడ్డుకే వెళ్లాలని ఇంట్లో అనుకున్నారు. ఆ సంగతి నాకు ఏ బాధా కనబడనివ్వకుండా చెప్పింది.

"షెడ్డు పని తక్కువని కాదండి మేడమ్. అక్క వేళ్లు చూస్తే తెలుస్తుందండి, ఐసులో నాని నాని తెల్లగా పాలిపోయుంటాయి. నాకు వేరే పనొస్తే అక్కని కూడా మానిపించొచ్చు కదాండి."

క్లాసులో నాగమణి కూడా తలదించుకునే బాపతే. రైల్లో మాత్రం వేరే మనిషి. ఎక్కగానే పక్కనున్న ముసలమ్మను, "ఏవండీ మామ్మగారూ, గంపలో ఏం తీసుకెళ్తన్నారండి?" అనేది. ఆవిడ దొండకాయలంటే, ఎదుటి సీటాయనతో "బాబాయ్ గారూ, మీ ఊళ్లో దొండపాదులు బాగా కాస్తన్నాయాండి?" అనేది. అంతే, దొండకాయల నుంచి పురుగుమందులకూ, అక్కణ్నించి అల్లుళ్లకూ మాటలు పాకేవి. పెట్టెలో సగం మంది ఆ ముచ్చట్లలో పడేవారు. ఈలోగా నాగమణి కిటికీ పక్కన చేరి పుస్తకం తీసుకునేది.

ఒకరోజు నేను అడిగాను. "ఇంతమందిని మాట్లాడించావు, క్లాసులో ఎందుకమ్మా మాట్లాడవు?"

"ఇక్కడ నేనేం మాట్లాడానండి? అడిగానంతే. వాళ్లే మాట్లాడుకుంటన్నారు."

ఆ మాట నాకు గట్టిగా తగిలింది. అదే ఆ సాయంత్రానికి పాఠమయింది.

కొబ్బరికాయ వేరు, కదలిక వేరు

ఆ సాయంత్రం ఉద్యోగాల ఎంపికకు వెళ్లే పిల్లలందరినీ కూర్చోబెట్టి బోర్డు మీద ఆ మాట రాశాను. "దీన్ని తెలుగులో ఏమంటారు?" అన్నాను.

"శ్రీకారం చుట్టడమండి" అన్నారు కొందరు. "కొబ్బరికాయ కొట్టడమండి" అన్నారు ఇంకొందరు.

"కొబ్బరికాయ కొట్టాక కదలకుండా ఆగిపోయిన పనులు మన చుట్టూ లేవా?" అంటే ఫక్కున నవ్వారు. ఎవరి ఊరి రోడ్డు వాళ్లకు గుర్తొచ్చినట్టుంది. శ్రీకారమైనా కొబ్బరికాయైనా ప్రారంభాన్ని గౌరవించడం. ఈ ఇంగ్లీషు మాటలో ఉన్నది కదలిక. చిన్న తోపు ఇస్తే ఆ తర్వాత బంతి తనంతట తాను దొర్లాలి, మిగతావాళ్లు దాన్ని అందుకోవాలి. మన భాషలో దీనికి దగ్గరిది 'మాట కదపడం' అని చెప్పాను. పెళ్లి సంబంధాల్లో పెద్దవాళ్లు మాట కదుపుతారు చూడండి, అది. కదిపినవాళ్లే పెళ్లి కూడా చేసుకోరు కదా.

వాడుక కూడా చెప్పాను. 'గెట్' బదులు 'సెట్' అన్నా, 'స్టార్ట్' అన్నా అర్థం అదే. 'కీప్' అంటే ఆగకుండా కొనసాగించడం. నలుగురు కలిసి చేసే పనికీ, మాటకూ, ప్రయత్నానికీ వాడతాం. చందాలు పోగుచేసేటప్పుడు మొదటి చందా ఇచ్చినాయన బాల్ రోలింగ్ చేసినట్టే. యంత్రాలకు వాడకూడదు. పూర్వం ఒకమ్మాయి పరీక్షలో 'మా నాన్న పొలంలో మోటారు బాల్ రోలింగ్ చేశాడు' అని రాసింది. ఆ పేపరు దిద్దుతూ స్టాఫ్‌రూములో అందరికీ చదివి వినిపించాను. మోటారు ఆన్ చేశాడంటే సరిపోతుంది. అలాగే మాటల క్రమం మార్చి 'రోల్ ద బాల్' అన్నామంటే నిజంగానే బంతి దొర్లించమన్నట్టు అవుతుంది.

నాగమణి మెల్లగా చెయ్యెత్తింది. "అయితే మేడమ్, ఆ వాక్యం అనకపోయినా ఆ పని చెయ్యొచ్చాండి?"

"అనకుండా చేస్తేనే ఎక్కువ బావుంటుంది" అన్నాను.

"ఆ వాక్యం అనేసి, చెయ్యకపోతేనండి?" అంది పద్మ, చాలా చిన్న గొంతుతో.

 వెనకబెంచీలోంచి ఎవరో "మీటింగు పెట్టినట్టండి" అన్నారు. ప్రిన్సిపాల్ గారు వరండాలో లేరు కనుక నేనూ నవ్వాను. నిజం చెప్పాలంటే, పద్మ అడిగిన ప్రశ్నే ఆ రోజు అందరికంటే తెలివైన ప్రశ్న. ఆ మాట ఆమెకు చెప్పాను కూడా. నోరు విప్పని పిల్ల ఒక్క మాట అంటే, అందులో బాగున్నదేదో అప్పటికప్పుడే చెప్పేయాలి. మర్నాటికి వాయిదా వేస్తే ఆ పిల్ల మళ్లీ నోరు మూసుకుంటుంది.

చట్నీ ఎలా కడతారు?

ఎంపిక మా కాలేజీలోనే జరిగింది. చుట్టుపక్కల కాలేజీల నుంచి అబ్బాయిలూ అమ్మాయిలూ వచ్చారు. కంపెనీ తరఫున ఒక ఆవిడ, ఒకాయన వచ్చారు. నేను వెనక కూర్చుని చూడటానికి ఒప్పుకున్నారు. "మీరు మాట్లాడకూడదు, సైగలు కూడా చెయ్యకూడదు" అని ఆవిడ నవ్వుతూనే గట్టిగా చెప్పింది.

నాగమణి, పద్మ ఒకే గ్రూపులో పడ్డారు. మిగతావాళ్లంతా వేరే కాలేజీలవాళ్లు. ప్లాస్టిక్ కవర్లు పూర్తిగా నిషేధించాలా అన్నది విషయం. ఆవిడ "మొదలుపెట్టండి" అంది.

నలుగురైదుగురు ఒక్కసారిగా, ఒకే గొంతుతో, "లెట్ మి గెట్ ద బాల్ రోలింగ్" అన్నారు.

నాకప్పుడు వెలిగింది. మా కిరణే అన్ని కాలేజీలకూ వెళ్లాడు.

అందరూ ఉలిక్కిపడి ఆగిపోయారు. ఆపైన మన గోదావరి జిల్లాల మర్యాద మొదలైంది. "మీరు కానివ్వండి" అన్నాడు ఒక అబ్బాయి పక్కవాడితో. "లేదండి, మీరే ముందన్నారు" అన్నాడు ఆ పక్కవాడు. "పర్లేదండి, ఆవిణ్ణి చెప్పనివ్వండి" అన్నాడు ఇంకొకడు. "అయ్యో, నాకేం తొందర లేదండి" అందా అమ్మాయి. పెళ్లి భోజనాల్లో ముందు బంతికి ఒకరినొకరు కూర్చోబెట్టుకుంటున్నట్టుంది. తర్వాత అందరూ బల్లకేసి చూస్తూ ఊరుకున్నారు. కంపెనీ ఆయన పెన్ను మూత పెట్టేశాడు. 

నాగమణి పద్మ వైపు తిరిగింది. రైల్లో మామ్మగారితో మాట్లాడినట్టే, చిన్నచిన్న ఇంగ్లీషు మాటల్లో అడిగింది. "పద్మా, మీ నాన్నగారికి టిఫిన్ సెంటరుంది కదా. రేపట్నించి కవర్లు లేవంటే చట్నీ ఎలా కడతారు?"

పద్మ ఉక్కిరిబిక్కిరైంది. ఒక్క క్షణం నా వైపు చూడబోయి మానేసింది. తర్వాత అంది, అది కూడా ఇంగ్లీషులోనే. "ఇడ్లీకి ఇబ్బంది లేదు, అరిటాకు ఉంది. చట్నీతో కష్టం. సాంబారుతో ఇంకా కష్టం."

బల్ల చుట్టూ నవ్వులు. ఒక అబ్బాయి అందుకున్నాడు. "ఇంటి దగ్గర్నించి క్యారేజీ తెచ్చుకోవచ్చు కదా?"

"రైలు దిగి వచ్చేవాడు క్యారేజీ ఎక్కణ్నించి తెస్తాడు? మా కొట్టుకు వచ్చేవాళ్లలో సగం మంది అలాంటివాళ్లే" అంది పద్మ.  వాళ్ల నాన్న కొట్టు గురించి ఆమెకంటే బాగా చెప్పగలిగేవాళ్లు ఆ గదిలో లేరు, ఆ సంగతి ఆమెకూ తెలిసింది.

ఇక ఆగితేనా. కొట్టువాళ్లే క్యారేజీ ఇచ్చి డిపాజిట్ తీసుకోవాలన్నారొకరు. పల్చటి కవర్లు ఆపి మందపువి ఉంచాలన్నారొకరు. మందపువి మాత్రం ఎక్కడికి పోతాయని ఇంకొకరు. నాగమణి మధ్యలో ఒకసారి, "మా కొల్లేట్లో వల వేస్తే చేపల కన్నా ముందు కవర్లే వస్తున్నాయి" అంది. ఇంకోసారి, అప్పటిదాకా ఒక్క మాటా అనని కళ్లద్దాల అబ్బాయిని చూసి, "మీ ఊళ్లో ఎలా ఉంది?" అని అడిగింది. అంతకుమించి ఆమె మాట్లాడలేదు. కంపెనీ ఆయన పెన్ను మూత తీసి రాసుకుంటూనే ఉన్నాడు. సమయం అయిపోయిందని ఆవిడ రెండుసార్లు చెబితే గానీ వాళ్లు ఆపలేదు. బయటికెళ్తూ కూడా సాంబారు గురించే వాదించుకున్నారు.

తాళాలు

మిగతా టెస్టులు కూడా అయ్యాక సాయంత్రం పేర్లు చదివారు. పద్మ పేరుంది. నాగమణి పేరు లేదు.

నాగమణి పద్మను వాటేసుకుని గిరగిరా తిప్పేసింది. ఆ సంతోషంలో అబద్ధమేమీ లేదు. తర్వాత కుళాయి దగ్గరికెళ్లి చాలాసేపు ముఖం కడుక్కుంది. నేను ఉండబట్టలేక ఆ కంపెనీ ఆవిణ్ణి అడిగాను.

"డిస్కషన్లో ఆ అమ్మాయికే అందరికంటే ఎక్కువ వేశానండి" అందావిడ. "తర్వాత టైపింగ్ టెస్టులో బాగా వెనకబడింది. కంప్యూటరు ఎక్కువ అలవాటు లేనట్టుంది. టైపింగు ఎవరైనా నేర్చుకోవచ్చు, ఇవాళ ఆ అమ్మాయి చేసింది మేం నేర్పాలంటే కష్టం. వచ్చే నెల విజయవాడలో మళ్లీ టెస్టు పెడుతున్నాం. దానికి పంపించండి."

మర్నాడు నేను ప్రిన్సిపాల్ గారి గదికి వెళ్లి సంగతి చెప్పాను. గంటసేపు ఉపన్యాసం వింటానని సిద్ధపడే వెళ్లాను. ఆయన అంతా విన్నారు. సొరుగు తీసి కంప్యూటర్ ల్యాబు తాళాలు నా చేతిలో పెట్టారు.

"సెలవుల్లో కూడా తెరవండి. వాచ్‌మన్‌కి నేను చెబుతాను" అన్నారు. ఆయన నడిపిన అన్ని మీటింగుల్లోకీ నాకు నచ్చింది అదే.

నాగమణి సెలవుల్లో కూడా భీమడోలు నుంచి రైలెక్కింది. ఉద్యోగంలో చేరడానికి ఇంకా రోజులున్నాయి కనుక పద్మ వచ్చి పక్కన కూర్చుని ఇంగ్లీషు పేరాలు పైకి చదివేది, నాగమణి కొట్టేది. చదవడం వల్ల పద్మ గొంతు, కొట్టడం వల్ల నాగమణి వేళ్లు, రెండూ సాపయ్యాయి. మధ్యాహ్నం టిఫిన్ సెంటరు నుంచి పెసరట్లు వచ్చేవి. నాకూ ఒకటి ఉండేది.

విజయవాడ నుంచి నాగమణి ఫోన్ చేసినప్పుడు నేను ఏలూరు మార్కెట్లో వంకాయలు ఏరుకుంటున్నాను. "వచ్చిందండి మేడమ్" అంది. ఆపైన ఏడుస్తోందో నవ్వుతోందో తెలియలేదు. కూరగాయలామె "ఏమైందండీ?" అంది. "మా పిల్లకి ఉద్యోగమొచ్చింది" అన్నాను. తూకం వేశాక ఆవిడ ఇంకో రెండు వంకాయలు సంచిలో పడేసింది. మొదటి జీతం అందుకున్నాక నాగమణి వాళ్ల అక్కను షెడ్డు మానిపించి భీమడోలులో కుట్టు నేర్చుకోవడానికి చేర్పించింది. ఆ కబురు నాకు అక్కే స్వయంగా వచ్చి చెప్పింది.

శనివారం

ఇదంతా అయ్యాక జూనియర్లు మాకూ నేర్పమని వెంటపడ్డారు. శనివారం సాయంత్రాలు ఒక మాటల క్లాసు పెట్టాను. మొదట్లో అంతా నేనే. నేను విషయం ఇవ్వాలి, నేను పేరు పెట్టి పిలవాలి, నేను బతిమాలాలి. నేను ఇంటి దగ్గరే ఉండిపోతే ఆ క్లాసు ఉండదని నా నమ్మకం. కొంచెం గర్వం కూడా.

రిటైర్మెంటుకు కొద్దిరోజుల ముందు ఒక శనివారం మధ్యాహ్నం ఏలూరులో పనిబడి వెళ్లి, తిరిగి గూడెం రావడానికి రైలెక్కాను. దెందులూరులో గూడ్సుకు దారివ్వడానికి మా రైలును ఆపేశారు. ఎంతకీ కదలదు. పిల్లలు చూసి చూసి వెళ్లిపోయి ఉంటారనుకున్నాను. గూడెంలో దిగి ఆటో ఎక్కి, మెట్లు ఎక్కుతుంటే పైనుంచి గోల వినబడింది. ఎవరో కొట్టుకుంటున్నారేమోనని గబగబా వెళ్లాను.

క్లాసు నడుస్తోంది. కుర్చీలు గుండ్రంగా వేసుకున్నారు. అమ్మాయిలు రాత్రి బస్సులో ఒంటరిగా ప్రయాణించవచ్చా అని వాదన. తప్పుల ఇంగ్లీషు, మధ్యలో తెలుగు, బల్లల మీద చరుపులు. నేను గుమ్మంలో నిలబడినా ఒక్కరూ లేవలేదు. నేనెప్పుడూ పేరు పెట్టి పిలవని ఒక ఫస్టియర్ అమ్మాయి నడిపిస్తోంది.

వెనక ఖాళీ కుర్చీలో కూర్చున్నాను. కాసేపటికి వాళ్ల వాదనలో ఒకచోట నాకూ ఒక మాట చెప్పాలనిపించి నోరు తెరిచాను.

ఆ ఫస్టియర్ పిల్ల నా వైపు తిరిగి, చాలా మర్యాదగా, "మేడమ్, చెయ్యెత్తాలండి. మీ కన్నా ముందు ఇంకా ఇద్దరున్నారండి" అంది.

నేను చెయ్యెత్తి, నా వంతు కోసం కూర్చున్నాను.